పొల్లు మీట

మొన్న శుక్రవారం
నా పాత కీబోర్డులో పొల్లు చచ్చిపోయింది.

పొల్లు లేకపోతే ఒత్తు లేదు.
కుప్పమ్మ కుపపమమ అయింది.
చిత్తూరు చితతూరు అయింది.
నూరు రూపాయల స్టాంపు కాగితం
శెనగలు పొట్లం కట్టేదానికి తప్ప పనికిరాకుండా పోయింది.
"ఏం ధనకోటీ, నీ మిషనుకి నత్తి పట్టుకునిందా?"
కాగితం తిప్పి ఇచ్చేసినాడు చెంగల్రాయులు వకీలు.

దర్గా సర్కిల్లో నౌషాద్ అంగట్లో
మామూలువి అయిపోయినాయంట.
"ఆటలాడేది తీసుకోక్కా, ఐదు కోట్ల దెబ్బలు తట్టుకుంటుంది."
ఐదు కోట్లు!
పంతొమ్మిదేండ్లుగా కోర్టు గోడ పక్కన కొడతా ఉండా,
నేనే అన్ని తట్టుకోలేదు.
ఎనిమిది వేల నాలుగొందలు. ఆరు కంతులు.

నల్ల డబ్బా. మూత మీద పండ్లికిలించిన తోడేలు.
మూతకు అయస్కాంతం, తెరిస్తే కొత్త చెప్పుల వాసన.
చుట్టూ చేరినారు
నోటరీ, టీ పిల్లోడు, బాండ్లు రాసే సుందరమూర్తి,
తన అర్జీ కోసం పొద్దున్నుంచి కూర్చోనుండే కుప్పమ్మ.

ముందు బయటికొచ్చింది మణికట్టు కింద పెట్టుకునే మెత్త.
"చేతులకు గూడా మెత్తా!" అన్నాడు సుందరమూర్తి,
ముప్పై ఏండ్లు మోకాటి మీద అట్ట పెట్టుకుని రాసినోడు.
చెయ్యి ఆనించి చూసినాను.
బాగుండాది. అదే భయం,
మధ్యాన్నానికే నిద్రపోతాయి వేళ్లు.

వైరు జడ అల్లినట్టుంది. దానికి వంక పెట్టను.
మీటలు పీకే పట్టకారు
ముల్లు తీసేదానికి బాగా పనికొస్తుందని కుప్పమ్మ తేల్చేసింది.
తినకూడదని బొమ్మేసిన చిన్న పొట్లం,
టీ పిల్లోడు అప్పటికే వాసన చూసినాడు.
తోడేలు స్టిక్కర్లు నాలుగు.
ఒకటి నోటరీ తన సీలు డబ్బాకి అంటించుకున్నాడు, అడగకుండానే.
పద్నాలుగు భాషల పుస్తకం.
తెలుగు లేదు. పోనీ అరవమన్నా లేదు.

అడుగున, విడిగా, నాలుగు ఎర్ర మీటలు.
"ఇవేంటికి రా?"
టీ పిల్లోడికి తెలుసు.
"ముందుకి, ఎనక్కి, ఈ పక్క, ఆ పక్క.
తుపాకి పట్టుకుని పరిగెత్తేదానికి."

వాటి మీద ఇంగ్లీషు అక్షరాలు చూసి నవ్వొచ్చింది.
నా వేళ్లకు ఆ నాలుగూ
ఐత్వం, ఓత్వం, ఏత్వం, పొల్లు.
వాడు కుడిపక్కకి పరిగెత్తే చోట
నేను అచ్చును చంపి హల్లును నిలబెడతాను.
షిఫ్టు పట్టుకుంటే అదే మీటలో అ ఉంటుంది.
మొదలయ్యేదీ ఆగిపోయేదీ ఒక్క చోటే పెట్టినోడెవడో,
వాడికీ కోర్టు పని తెలిసే ఉంటుంది.

కరెంటు తగిలిందో లేదో
మీటల కింద ఏడు రంగులు తరుముకున్నాయి,
నడివీధి గంగమ్మ జాతరప్పుడు లైట్ల మాదిరి.
ఆపేదెట్లాగో పుస్తకంలో ఉండే ఉంటుంది, ఏ భాషలోనో.
పట్టకారుతో ఒక్క మీట పీకినాను.
ఒక్కటే ఎర్రది పెట్టినాను.

క. కొమ్ము. ప. పొల్లు. ప.
మ. పొల్లు. మ.
వక్కలు కొట్టినట్టు ఎనిమిది దెబ్బలు.
ఐదు కోట్లలో ఎనిమిది పోయినాయి.

"నా పేరు యాడుండాది?" అనింది కుప్పమ్మ.
తెర మీద వేలు పెట్టి చూపించినాను.
"ఇంత చిన్నదా," అని
ఇంకు పూసిన బొటనవేలు కాగితం మీద నొక్కింది,
దానికి మాత్రం ఏ మీటా అక్కరలేదు.

పోతా పోతా
"ఆ డబ్బా ఏం చేసుకుంటావమ్మా?"
యూరియా సంచిలోంచి తీసింది
పాసుపుస్తకం, శిస్తు రసీదులు, చెదలు కొరికిన దస్తావేజు.
సరిగ్గా సరిపోయినాయి.
మూత టప్పుమనింది. తెరిచింది. మళ్లా టప్పుమనిపించింది.
తోడేల్ని చంకలో పెట్టుకుని
గుడిపాల బస్సుకి ఉరికింది.

సాయంత్రం టార్పాలిన్ దించేటప్పుడు గుర్తుకొచ్చింది,
మిగిలిన మూడు ఎర్ర మీటలూ అందులోనే ఉండిపోయినాయని.
ఐత్వం, ఓత్వం, ఏత్వం
ఈపాటికి కుప్పమ్మ ఇంట్లో, దస్తావేజు కింద.